నీళ్ల లెక్క తెలిసిన చెయ్యి

శనగపప్పు ఉడికాక నీళ్లు సరిగా వంచకపోతే బక్షం, అదే బొబ్బట్టు, పెనం మీదనే నోరు తెరుస్తుంది. పూర్ణం బయటికొస్తుంది, బెల్లం మాడుతుంది, పెనం నల్లబడుతుంది, తర్వాత వేసే నాలుగు బక్షాలకూ ఆ మాడు వాసన అంటుకుంటుంది. అందుకే మా వైపు ఆడవాళ్లు పప్పును రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తారు. నలగాలి, అయినా గింజ గింజగానే ఉండాలి. అప్పుడు చిల్లుల గిన్నెలో వంచి, ఆ నీళ్లను చారుకు దాచి, పప్పును ఆరబెడతారు. బెల్లం కలిపాక మళ్లీ పలచబడుతుంది, ఎందుకంటే బెల్లం కరిగి పప్పులోని నీటిని బయటికి లాగుతుంది. మళ్లీ సన్నటి సెగ మీద దగ్గర పడనివ్వాలి. ముద్ద చేతికి అంటకుండా ఉండలా వచ్చిందంటే సగం పండుగ అయిపోయినట్టే.

ఇటలీ తీపి వంటల గురించి రాయబోతూ ఉగాది బక్షాలతో మొదలుపెట్టడానికి కారణముంది. తిరమిసూ, పన్నా కోట్టా, కసాటా, గ్రనీటా అన్న పేర్లు వినగానే మనకు పెద్ద హోటళ్లు, సన్నటి గాజు గిన్నెలు, పైన చల్లిన కోకో పొడి గుర్తొస్తాయి. ఇంట్లో పొయ్యి ముందు నిలబడి చేస్తే కనిపించేది వేరు. వీటన్నిటిలోనూ చేసేవాళ్ల తెలివంతా ఒకచోటే ఖర్చవుతుంది. పాలలో, గుడ్డులో, పంచదారలో, పండులో ఉన్న నీటిని ఎంత తియ్యాలి, ఎంత ఉంచాలి, ఎక్కడ కట్టెయ్యాలి అన్నదే ఆ పని. బక్షాలు చెయ్యడం వచ్చిన చేతికి ఇది కొత్త విద్యేమీ కాదు.

మా ఆలంపూర్‌కు పనితనం చూడటానికి జనం వస్తూనే ఉంటారు. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు చూస్తారు. శ్రీశైలం జలాశయం ముంపులో పోకుండా రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం చూస్తారు. జోగులాంబ అమ్మవారికి మొక్కుకుని వెళ్లిపోతారు. ఈ ఊరి వంటిళ్ల పనితనం గురించి మాత్రం ఎవరూ అడగరు. 1956 దాకా ఆలంపూర్, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి, ఆ తర్వాతే మహబూబ్‌నగర్‌లో కలిశాయి, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. కాబట్టి మా వంటల్లో కన్నడ దేశపు రుచి, కర్నూలు కారం, పాలమూరు జొన్న మూడూ ఉన్నాయి. ఎక్కడో ఇటలీలోని ట్రెవీజో నుంచి ఇంకో రుచి వస్తే ఈ వంటిల్లు బెదిరిపోదు.

సరుకు సంగతికొస్తే, కోకో పొడి, ప్యాకెట్ క్రీమ్, మంచి కాఫీ పొడి కావాలంటే తుంగభద్ర దాటి కర్నూలు పోవాలి. అసలు సరుకైన పాలు ఇంటి ముందుకే వస్తాయి. ఆవు పాలలో కొవ్వు 4 శాతం అటూ ఇటూ ఉంటుంది, బర్రె పాలలో 6, 7 శాతం. ఇటలీ వాళ్లు ఈ వంటలకు ఎక్కువగా ఆవు పాల మీగడే వాడతారు. బర్రె మీగడతో చేసినప్పుడు రంగు ఇంకా తెల్లగా, ముద్ద ఇంకా చిక్కగా వస్తుంది. నాకైతే అదే నచ్చుతుంది.

ఇటలీ ఇంటివంటను చదివి తెలుసుకోవాలంటే పెల్లెగ్రినో ఆర్తూసి దగ్గరికి పోవాలి. 1820లో ఫోర్లింపోపోలి అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఫ్లోరెన్స్‌లో పట్టు వ్యాపారం చేసి, సంపాదించింది చాలనుకుని మానేసి, వంటలు రాసుకుంటూ కూర్చున్నాడు. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే 1891లో సొంత డబ్బుతో వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. మొదట 475 వంటకాలున్న ఆ పుస్తకం, 1911లో ఆయన పోయేనాటికి 790 వంటకాలకు పెరిగింది. పెంచింది చాలావరకు చదువరులే. ఇటలీ నలుమూలల నుంచి ఇల్లాళ్లు ఉత్తరాలు రాసి, ఇది ఇలా కాదు, మేమిలా చేస్తాం అని చెప్పేవాళ్లు. ఆయన చేయించి, తిని చూసి, బాగుంటే చేర్చేవాడు. చేసిపెట్టింది వంటవాడు ఫ్రాంచెస్కో రుఫీల్లి, ఇల్లు చూసుకునే మారియెత్తా సబతీని. పోతూ పోతూ ఆర్తూసి ఆ పుస్తకం హక్కులు వాళ్లిద్దరికే రాసిచ్చాడు. వంట పుస్తకం రాసినవాళ్లు చాలామందే ఉన్నారు, దాని రాబడి గరిటె పట్టినవాళ్లకు రాసిచ్చినవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. ఫోర్లింపోపోలిలో ఆయన పేరుతో 2007 నుంచి కాసా ఆర్తూసి అనే సంస్థ నడుస్తోంది. ఇంటివంట నేర్పడమే దాని పని.

ఆ పుస్తకంలో తిరమిసూ ఉండదు. అది అంత పాతది కాదు. వెనిస్‌కు దగ్గరలోని ట్రెవీజో పట్నంలో లె బెక్కెరియె అనే భోజనశాల ఉండేది. దాని యజమాని ఆదో కంపెయోల్ భార్య ఆల్బా, అక్కడ మిఠాయిలు చేసే రోబెర్తో లింగ్వనోత్తో కలిసి దీన్ని తయారుచేశారని, 1972లో తమ మెనూలో పెట్టారని వాళ్ల మాట. పక్కనున్న ఫ్రియులి ప్రాంతం వాళ్లు ఒప్పుకోరు. 1950ల్లోనే తొల్మెత్సో ఊరి హోటల్లో మేము చేశాం అంటారు. 2017లో ఇటలీ ప్రభుత్వం సంప్రదాయ వంటకాల పట్టికలో ఫ్రియులి పేరు మీద దాన్ని ఎక్కించేసరికి ట్రెవీజోలో పెద్ద గొడవయింది. మనవైపు పూతరేకులకు ఆత్రేయపురం పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అంత రభస లేదు, ఎందుకంటే దానికి పోటీకొచ్చిన ఊరు లేదు.

ఎవరిదైతేనేం, ట్రెవీజో వాళ్లు 2010లో ఇటలీ వంటల అకాడమీ తరఫున నమోదు చేయించిన లెక్క మాత్రం ముచ్చటైనది. 12 గుడ్ల పచ్చసొన, అర కిలో పంచదార, కిలో మస్కర్పోనే, 60 సవొయార్ది బిస్కెట్లు, కాఫీ, కోకో పొడి. అంతే. తెల్లసొన లేదు, మద్యం లేదు, గడ్డకట్టించే పొడులు లేవు. ఇవాళ హోటళ్లలో కలిపే రమ్ము, మార్సాలా వైన్ అన్నీ తర్వాత వచ్చి చేరినవే. ఇంటికి ఇందులో నాలుగో వంతు చాలు. మూడు పచ్చసొనలు, పావు కిలో మస్కర్పోనే, పదిహేను బిస్కెట్లు. పంచదార లెక్క ప్రకారం 125 గ్రాములు కావాలి. నేను 90తో ఆపుతాను, మన కాఫీ డికాక్షన్‌లో చికోరీ తీపి ఎలాగూ ఉంటుంది.

ముందు మస్కర్పోనే. లొంబార్దీలోని లోది చుట్టుపక్కల పుట్టిన మెత్తటి వెన్నలాంటి ముద్ద ఇది. బజారులో డబ్బా కొనొచ్చు, పెద్ద పట్నంలో దొరుకుతుంది, ఖరీదు కూడా పట్నంలాగే ఉంటుంది. ఇంట్లో చెయ్యడం మాత్రం చూడదగ్గ పని. అర లీటరు క్రీమును మందపాటి గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద 85 డిగ్రీల దాకా వేడెక్కించాలి. ధర్మామీటరు లేకపోతే గిన్నె అంచున చిన్న బుడగలు లేచి, మధ్యలో ఆవిరి మాత్రమే కనిపించే దశ. పొంగు రాకూడదు. అప్పుడు ఒక పెద్ద చెంచా నిమ్మరసం చుట్టూ పోసి, నెమ్మదిగా కలుపుతూ నాలుగైదు నిమిషాలు అదే వేడి మీద ఉంచాలి.

ఇక్కడే మన అలవాటు అడ్డం తిరుగుతుంది. పాలలో నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి, పచ్చటి నీళ్లు ఒకవైపు, తెల్లటి ముక్కలు ఒకవైపు. మనకు తెలిసిందదే, పనీరు అలాగే చేస్తాం. క్రీము అలా విరగదు. కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కాబట్టి ముక్కలుగా తెగకుండా మొత్తం చిక్కబడుతుంది. గరిటె వెనక పల్చగా పట్టి, వేలితో గీత గీస్తే ఆ గీత నిలుస్తుంది. కంటికి ఏమీ కానట్టే ఉంటుంది. ఏమీ కాలేదేమో అనుకుని ఇంకాస్త నిమ్మరసం పిండేవాళ్లే ఎక్కువమంది. అప్పుడు పులుపెక్కుతుంది, చల్లారాక గరగరలాడుతుంది. దించేసి, పూర్తిగా చల్లార్చి, నూలు బట్ట పరిచిన చిల్లుల గిన్నెలో పోసి, కింద ఇంకో గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్యాలి. మూట కట్టి పిండకూడదు. నీరు తనంతట తను దిగాలి. తెల్లారేసరికి కింది గిన్నెలో కాసిని పచ్చటి నీళ్లు, పైన బట్ట మీద చెంచా నిలబడేంత ముద్ద.

ఇంట్లో మరిగించిన పాల మీద కట్టిన మీగడతో ఇది చెయ్యాలనుకుంటే అంత నున్నగా రాదు. ఆ మీగడలో పాల పొర కలిసి ఉంటుంది, ఎంత గిలకొట్టినా నలుసులు మిగులుతాయి. పచ్చిపాల నుంచి యంత్రంతో తీసిన క్రీము దొరికితే అదృష్టం. లేదంటే 25 శాతం కొవ్వుండే ప్యాకెట్ క్రీముతో సర్దుకోవాలి. ముద్ద కాస్త తక్కువగా, కాస్త పలచగా వస్తుంది, ఇంకో పూట ఎక్కువ వడకట్టాలి, అంతే తేడా.

తర్వాత పచ్చసొన. ట్రెవీజో పద్ధతిలో పచ్చిగానే పంచదారతో గిలకొడతారు. చలి దేశం, తాజా గుడ్డు, వాళ్లకు నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మా ఊళ్లో నేనైతే పచ్చిగుడ్డు జోలికి పోను. దానికి ఆర్తూసి కాలం నుంచీ ఉన్న దారి జబయోనే. పచ్చసొన, పంచదార, మార్సాలా వైన్ కలిపి వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి గిలకొట్టే నురగ అది. మార్సాలా అంటే సిసిలీ వైన్, 1773లో జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లీషు వర్తకుడు పీపాలకెత్తి ఇంగ్లండుకు పంపినప్పటి నుంచి లోకానికి తెలిసింది. వైన్ వద్దనుకుంటే దాని బదులు రెండు చెంచాల డికాక్షన్ పోస్తే సరి.

కింది నీళ్లు తెర్లకూడదు, పైగిన్నె అడుగు నీళ్లను తాకకూడదు. చెయ్యి ఆగకూడదు. మొదట పసుపు రంగు జారుడు, తర్వాత పెద్ద పెద్ద బుడగలు, తర్వాత బుడగలు సన్నబడి రంగు తేలికపడుతుంది. 70 డిగ్రీలు దాటాలి, 80 దగ్గరికి రాకముందే దించాలి. ఆ పది డిగ్రీల సందులోనే పనంతా. పచ్చసొన గట్టిపడుతూ తన చుట్టూ ఉన్న నీటిని, గాలిని పట్టుకుంటుంది. ఇంకాస్త వేడెక్కిందా, పట్టుకున్నదంతా వదిలేసి గుడ్డు పొరటు అవుతుంది. గరిటె ఎత్తితే నురగ రిబ్బనులా జారి, పడినచోట ఒక క్షణం నిలిచి కలిసిపోవాలి. మిఠాయి అంగళ్లవాళ్లు ఇంకో పద్ధతి వాడతారు. పంచదారను 118 నుంచి 121 డిగ్రీల దాకా పాకం పట్టి, వేడి వేడిగా సన్నటి ధారగా పచ్చసొన మీద పోస్తూ గిలకొడతారు. ఆ 118 డిగ్రీలను మన ఇళ్లలో ఉండ పాకం అంటారు. చన్నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసిన అరిసెల చెయ్యికి ధర్మామీటరు అక్కర్లేదు. పాకం పట్టడమంటేనే పంచదారలో ఎంత నీరు మిగిలిందో కనిపెట్టడం.

సవొయార్ది బిస్కెట్లు ఇంట్లో చేసుకోవచ్చు. బేకరీ రస్కుతో సరిపెడదామనిపిస్తుంది గానీ, రస్కు ముందు కాఫీ పీల్చదు, పీల్చడం మొదలుపెడితే ఆగదు. మూడు గుడ్ల తెల్లసొనను పంచదారతో గట్టిగా గిలకొట్టి, అందులో పచ్చసొన, తర్వాత జల్లించిన మైదా 75 గ్రాములు, పంచదార మొత్తం 75 గ్రాములు. మైదాను కలపకూడదు, అడుగు నుంచి పైకి మడవాలి. సంచిలో నింపి వేలెడంత పొడుగు గీతలుగా ట్రే మీద పిండాలి. ఇక అసలు కిటుకు. పైన పొడి పంచదార చల్లి, అది తడిసి మాయమయ్యేదాకా ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ చల్లాలి. మొదటిసారి చల్లింది పిండిలోని తడి పీల్చుకుని పాకంలా మారుతుంది, రెండోది దాని మీద పొడిగా నిలుస్తుంది. 180 డిగ్రీల ఓవెన్‌లో పన్నెండు, పదిహేను నిమిషాల్లో పైన చిన్న చిన్న ముత్యాల్లా పంచదార చుక్కలు తేలతాయి. బాగా చేసిన సవొయార్దిని గుర్తుపట్టేది ఆ ముత్యాలను చూసే. ఆ పొర వల్లే కాఫీలో ముంచినప్పుడు బిస్కెట్ ఒక్కసారిగా కూలిపోదు.

కాఫీకి ఇటలీ ఇళ్లలో మోకా వాడతారు, 1933లో అల్ఫోన్సో బియాలెత్తి తెచ్చిన అల్యూమినియం పాత్ర. ఆవిరి ఒత్తిడికి నీళ్లు కింది నుంచి పైకి ఎక్కి పొడిలోంచి వస్తాయి. మన ఫిల్టరులో పైనుంచి కిందికి చుక్క చుక్కగా దిగుతాయి. దిగే దారి ఏదైనా డికాక్షన్ చిక్కగా ఉంటే చాలు. మావైపు పొద్దున లేస్తే చాయే, కాఫీ నది అవతలి అలవాటు. చికోరీ 20 శాతం మించని పొడి తెచ్చుకుంటే మేలు, మించితే తిరమిసూకు నశ్యం రంగు, మందుల వాసన వస్తాయి. డికాక్షన్ చల్లగా ఉండాలి. బిస్కెట్‌ను ఒకవైపు ముంచి, తిప్పి, తియ్యాలి. రెండు సెకన్లు కూడా కాదు. విరిచి చూస్తే మధ్యలో ఇంకా పొడి గీత కనిపించాలి. ఆ గీత ఉండటమే మంచిది, ఎందుకంటే ఫ్రిజ్‌లో ఉన్న రాత్రంతా పైనున్న మస్కర్పోనే తడిని, పక్కనున్న కాఫీని అది తీరుబడిగా తాగుతుంది. ముంచేటప్పుడే తృప్తిగా తాగిస్తే మర్నాటికి గిన్నె అడుగున కాఫీ మడుగు.

వేడి తగ్గిన జబయోనేను మస్కర్పోనేలో మడిచి, బిస్కెట్లు ఒక వరస, ముద్ద ఒక వరస, మళ్లీ బిస్కెట్లు, మళ్లీ ముద్ద. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపేచోట అతుకు కనపడకూడదంటారు నేతగాళ్లు, ఇక్కడా అదే. చెంచాతో కోస్తే వరసలు కనిపించాలి, నోట్లో మాత్రం ఎక్కడ బిస్కెట్ అయిపోయిందో, ఎక్కడ మీగడ మొదలైందో తెలియకూడదు. కోకో పొడి వడ్డించే ముందే చల్లాలి. ముందురోజు చల్లితే అది కూడా తడి తాగి బురదలా అవుతుంది.

పన్నా కోట్టా దీనితో పోలిస్తే పది నిమిషాల పని. ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమోంతే ప్రాంతపు వంట. క్రీము, పాలు, పంచదార వేడి చేసి జెలటిన్‌తో గట్టిపరచడమే. జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి వస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో గడప దాటనివ్వరు. దాని బదులు కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ ఉంది, సముద్రపు నాచు నుంచి తీసింది. పొడి అయితే అర లీటరుకు 2 నుంచి 3 గ్రాములు. దాన్ని ముందు కాసిని నీళ్లలో బాగా మరిగించి, పూర్తిగా కరిగాకే వేడి క్రీములో పోసి కలపాలి. చల్లటి క్రీములో పోస్తే తగిలినచోటల్లా గడ్డలు కడుతుంది, ఎందుకంటే అది 40 డిగ్రీలకు కాస్త కిందికి దిగగానే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగడానికి 85 డిగ్రీలు కావాలి. జెలటిన్ అలా కాదు, ఒంటి వేడికే కరుగుతుంది. నోట్లో వెన్నలా పోయే గుణం దానిది. మే నెలలో కరెంటు పోతే గిన్నెలోనే పాయసమయ్యే గుణమూ దానిదే.

మా పెద్దమ్మ ముందు చైనా గ్రాస్ పన్నా కోట్టా పెడితే చెంచాతో అటూ ఇటూ కదిపి చూసింది.

"ఏంది బిడ్డా ఇది, జున్నా?"

"జున్ను కాదు పెద్దమ్మా, క్రీముతోని చేసింది."

"మరి రేపటిదాక ఉంచకు. నీళ్లిడుస్తది."

తినకముందే చెప్పేసింది. నిజంగానే చైనా గ్రాస్‌తో చేసింది ఒకటి రెండు రోజుల్లో అంచుల వెంట నీరు వదులుతుంది, జెలటిన్ అంతగా వదలదు. పెద్దమ్మ ఎన్నడూ పన్నా కోట్టా చూడలేదు. ముర్రుపాల జున్నును మాత్రం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. పాలు ఎక్కువ కలిపితే జున్ను ఎలా నీరూరుతుందో, సెగ ఎక్కువైతే ఎలా చిల్లులు పడుతుందో ఆమె కంటికి తెలుసు.

మన పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి వడ్డించిన ఇటలీ మిఠాయి ఒకటుంది, దాన్ని ఇటలీది అని ఎవరూ అనుకోరు. కసాటా. మూడు రంగుల ఐస్‌క్రీము, అడుగున కేకు, అంచున జీడిపప్పు పలుకులు, కోసిన అర్ధచంద్రం ముక్క. సిసిలీ వాళ్ల అసలు కసాటాలో ఐస్‌క్రీము ఉండదు. గుండ్రటి కేకు మధ్యలో తీపి రికోట్టా, చుట్టూ ఆకుపచ్చ బాదం ముద్ద, పైన పంచదార పట్టించిన నారింజ ముక్కలు, పండ్లు. దాని ఐస్‌క్రీము రూపమే మన దాకా వచ్చింది. కేకుల్లో ఎర్రగా, పచ్చగా మెరిసే ట్యూటీఫ్రూటీ కూడా అక్కడి పండ్ల మిఠాయికి మన నకలే. మనం చేసేది పచ్చి బొప్పాయితో. ముక్కల్లోని నీటిని మెల్లగా లాగి ఆ స్థానంలో పాకం నింపడమే రెంటిలోనూ పని. సిసిలీకి చెరకును, నిమ్మ నారింజలను తెచ్చింది 9వ శతాబ్దంలో దీవిని గెలిచిన అరబ్బులు. చెరకు రసాన్ని గడ్డ పంచదారగా మార్చే విద్య అరబ్బులకు పర్షియా మీదుగా అందింది, పర్షియాకు మన దేశం నుంచి పోయింది. కాబట్టి కసాటా పుట్టింట్లో మనకూ కొంచెం చుట్టరికం ఉంది.

రికోట్టా గురించి ఒక్క మాట చెప్పాలి. పనీరు చేశాక మిగిలిన నీళ్లను మళ్లీ కాస్తే రికోట్టా వస్తుందని చాలామంది రాస్తారు. ప్రయత్నిస్తే గిన్నె అడుగున చిటికెడు తెల్లటి రేణువులు మాత్రమే దొరుకుతాయి. ఇటలీలో చీజు గడ్డలు చేసేటప్పుడు పాలను మరిగించరు, గోరువెచ్చగా ఉన్నప్పుడే దూడ కడుపు రసంతో తోడుపెడతారు. అప్పుడు పాలలోని మాంసకృత్తుల్లో ఒక రకం నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ నీళ్లను 85 డిగ్రీలకు కాస్తే అది మబ్బులా పైకి తేలుతుంది, అదే రికోట్టా. పనీరుకు మనం పాలను ముందే మరిగిస్తాం, ఆ మాంసకృత్తి కూడా పనీరుతో పాటే వచ్చేస్తుంది, నీళ్లలో ఇంకేం మిగలదు. ఇంట్లో దారి ఒకటే. లీటరు పాలను 85, 90 డిగ్రీల దగ్గర నిమ్మరసంతో మెల్లగా విరగనిచ్చి, కలపకుండా పది నిమిషాలు వదిలి, చిల్లుల గరిటెతో పైపైన తీసి బట్ట మీద పరచాలి. బరువు పెట్టొద్దు, పిండొద్దు. అది సిసిలీ రికోట్టా అనిపించుకోకపోయినా కసాటాలో బాగానే కూర్చుంటుంది. సిసిలీలో దాన్ని గొర్రె పాల నీళ్లతో చేస్తారు. పాలమూరు గొర్రెలకు పెట్టింది పేరు, అయినా మా గొల్ల కురుమలు గొర్రె పాలు గొర్రెపిల్లలకే వదిలేస్తారు. దక్కనీ గొర్రె ఇచ్చేది ఆ పిల్ల కడుపు నిండేంతే.

ఎండాకాలానికి గ్రనీటాను మించింది లేదు. దీనికి పొయ్యి వెలిగించే పనే లేదు. ఒకప్పుడు సిసిలీలో ఎత్నా కొండ మీది మంచును గుంటల్లో దాచి, వేసవిలో కిందికి దించి నిమ్మరసంతో కలిపేవాళ్లు. ఇప్పుడు ఫ్రీజరు, ఒక వెడల్పాటి స్టీలు పళ్లెం, ఒక ముళ్ల చెంచా చాలు. అక్కడివాళ్లు నిమ్మ, బాదం, కాఫీతో చేస్తారు. మనకు నల్లగొండ బత్తాయి ఉంది. సాతుగుడి రకం, పలచటి తొక్క, పులుపు తక్కువ.

బత్తాయితో ఒక చిక్కుంది. పిండిన వెంటనే తియ్యగా ఉండే రసం గంటలు గడిచేకొద్దీ చేదెక్కుతుంది. గింజల్లో, తెల్లటి పొరల్లో ఉండే పదార్థం రసంలోకి దిగాక మెల్లగా చేదుగా మారుతుంది. వేడి చేస్తే ఇంకా తొందరగా. అందుకే యంత్రంలో నలిపెయ్యకుండా చేత్తో తేలిగ్గా పిండి, గింజలు తీసేసి, వెంటనే పళ్లెంలోకి పోసెయ్యాలి. లీటరు రసంలో సహజంగానే 100 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, ఇంకో 100 గ్రాములు కలిపితే సరిపోతుంది. అంతకు మించితే నీరు సరిగా గడ్డకట్టక జావలా ఉంటుంది. తక్కువైతే రాయిలా బిగిసి ముళ్ల చెంచాకు లొంగదు. ఒక నిమ్మకాయ పిండితే బత్తాయి చప్పదనం పోతుంది. అరగంటకోసారి తలుపు తీసి, అంచుల్లో కట్టిన మంచును మధ్యలోకి గీకి, మధ్యలోని రసాన్ని అంచులకు తొయ్యాలి. మూడు గంటలకు పళ్లెమంతా సన్నటి పలుకులవుతుంది. మిక్సీలో వేసి తొందరగా ముగిద్దామనుకోవద్దు, పలుకులు నలిగి నురగ మాత్రమే మిగులుతుంది. గ్లాసుల్ని కూడా ముందే ఫ్రీజరులో పెట్టుకోవాలి, లేకపోతే మా ఊరి మధ్యాహ్నానికి వసారాలోకి తెచ్చేలోపే బత్తాయి రసం అవుతుంది. అయినా నష్టమేం లేదు, తాగేయొచ్చు.